సీ భాషలో తొలి ప్రోగ్రాము: ఎడిటర్‌తో పరిచయం

అందరికీ నమస్కారం. ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామంది సీ భాష ఇప్పుడిప్పుడే మొదలుపెట్టారని నిర్వాహకులు చెప్పారు. కాబట్టి ఇవాళ భాషలోకి లోతుగా వెళ్లను. భాష దాకా చేరేలోపు దారిలో ఎదురయ్యే చిక్కుల గురించే మాట్లాడతాను. సీ మధ్యలో వదిలేసినవాళ్లందరూ కష్టమనిపించే పాయింటర్ల పాఠం దాకా వచ్చి వదిలేసినవాళ్లు కారు. ఎడిటర్ తెరిచి, పుస్తకంలోని ఐదారు వరుసలు ఉన్నవి ఉన్నట్టు టైపు చేసి, పైనున్న త్రికోణం గుర్తు నొక్కి, కింద ఎర్రటి అక్షరాలు కనబడగానే ‘ఇది నాకు వచ్చే విద్య కాదు’ అనుకున్నవాళ్లు వాళ్లలో ఎందరో ఉంటారు. ఆ ఎర్రటి అక్షరాలకూ వాళ్ల తెలివితేటలకూ ఏ సంబంధమూ లేదు. ఆ మాట వాళ్లకు సమయానికి ఎవరూ చెప్పకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ముందుగా ఒక విషయం తేల్చుకుందాం. మీ తెర మీద అంతా ఒకే కిటికీలో కనిపిస్తున్నా, అక్కడ పనిచేసేవి మూడు వేరు వేరు ప్రోగ్రాములు. మీరు అక్షరాలు టైపు చేసేది ఎడిటర్‌లో. వాటిని యంత్రానికి అర్థమయ్యే ఆదేశాలుగా మార్చేది కంపైలర్. ఆ కంపైలర్‌ను పిలవడానికీ, తయారైన ప్రోగ్రామును నడపడానికీ వాడేది టెర్మినల్. ఏ చిక్కు వచ్చినా ‘ఈ మూడింటిలో ఇప్పుడు నాతో మాట్లాడుతున్నది ఎవరు?’ అని అడగండి. ఈ గంటలో నేను చెప్పేవన్నీ ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి.

సీ ఫైలు అంటే ఉత్త అక్షరాలు. అందులో రంగు లేదు, అక్షరం సైజు లేదు, బొద్దు అక్షరాలు లేవు. మామూలు నోట్‌ప్యాడ్‌లో రాసినా కంపైలర్‌కు అభ్యంతరం లేదు. కెన్ థాంప్సన్ 1969లో యునిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం ఈడీ అనే ఎడిటర్ రాశారు. టెలిటైప్ యంత్రాల కాలం అది. ఒక వరుస చూడాలంటే దాని నంబరు చెప్పి కాగితం మీద అచ్చు వేయించుకోవాలి. డెనిస్ రిచీ బెల్ ల్యాబ్స్‌లో 1970ల తొలినాళ్లలో సీ భాషను రూపొందించినప్పుడు ఉన్నవి అలాంటి ఎడిటర్లే. తెర నిండా కోడ్ కనిపించే వీఐ ఎడిటర్‌ను బిల్ జాయ్ 1976లో రాశారు, అంటే సీ పుట్టాక కొన్నేళ్లకు. కాబట్టి ‘సీ నేర్చుకోవడానికి ఏ ఎడిటర్ ఉండి తీరాలి?’ అనే ప్రశ్నకు సమాధానం: ఏదైనా సరిపోతుంది.

మరి ఈ మూడూ ఒక్కటే అన్న భావన ఎక్కడి నుంచి వచ్చింది? బోర్లాండ్ సంస్థ 1987లో తెచ్చిన టర్బో సీ వంటివి ఎడిటర్‌నూ కంపైలర్‌నూ ఒకే తెరలో పెట్టాయి. ఆ రోజులకు అది చాలా మంచి సాధనం, దాన్ని చిన్నచూపు చూడను. కానీ అది విండోస్‌కు ముందు వాడిన డాస్ కాలం నాటిది, 16 బిట్ల లోకం కోసం చేసినది. ఇప్పటి కంప్యూటర్లలో నడపాలంటే డాస్‌బాక్స్ లాంటి మరో ప్రోగ్రాము లోపల నడపాలి. అందులో పూర్ణ సంఖ్యలు దాచే ఇంట్ రకానికి రెండు బైట్లే, 32767 దాటిన సంఖ్య అందులో పట్టదు. మీరు రేపు వాడబోయే కంపైలర్లలో దాదాపు అన్నిచోట్లా నాలుగు బైట్లు. తెర తుడిచే క్లర్‌స్కర్, మీట కోసం ఆగే గెట్‌చ్, వాటి కోసం చేర్చే కోనియో హెడర్, ఇవేవీ సీ ప్రమాణంలో లేవు. ప్రోగ్రాము మొదలయ్యే చోటైన మెయిన్ ముందు వాయిడ్ అని రాయడమూ ప్రమాణం చెప్పిన పద్ధతి కాదు, అక్కడ ఇంట్ ఉండాలి. అమెరికాలో సీకి తొలి ప్రమాణం వచ్చింది 1989లో, అంటే టర్బో సీ బయటికి వచ్చిన తర్వాత. మీ తరగతిలో ఇంకా అదే వాడమంటే అక్కడ వాడండి. సొంతంగా సాధన చేసేటప్పుడు మాత్రం దయచేసి కొత్త కంపైలర్ మీద చేయండి. అలవాట్లు ఒకసారి పడితే మార్చుకోవడం కష్టం.

ఇక ఎడిటర్ ఎంపిక. దీని మీద ఎక్కువసేపు ఆగను. మైక్రోసాఫ్ట్ 2015లో విడుదల చేసిన విజువల్ స్టూడియో కోడ్ ఉచితం. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా నడుస్తుంది. దాదాపు అదే పేరుతో ఉన్న విజువల్ స్టూడియో వేరే, చాలా పెద్దది. దించుకునేటప్పుడు ఈ రెండింటినీ కలగాపులగం చేసుకోకండి. మీ కంప్యూటర్ పాతదై, మెమరీ తక్కువ ఉంటే జీనీ అనే తేలికైన ఎడిటర్ ఉంది, హాయిగా పనిచేస్తుంది. విండోస్‌లో నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ కూడా సరిపోతుంది. వీఐకి వారసుడైన విమ్ నేర్చుకోవాలన్న ఉత్సాహం ఉంటే మంచిదే, కానీ సీతో పాటు దాన్నీ ఒకేసారి తలకెత్తుకోకండి. ఏదో ఒకటి ఎంచుకుని కొన్ని నెలలు దానితోనే ఉండండి. వారానికో ఎడిటర్ మార్చుతూ, రంగుల థీములు దించుకుంటూ కూర్చునే రోజుల్లో ఒక్క లూప్ కూడా రాయరు. ఈ మాట కొంచెం గట్టిగానే చెబుతున్నాను. ఇకపై ఉదాహరణలకు విజువల్ స్టూడియో కోడ్‌నే తీసుకుంటాను.

ఇప్పుడు అసలు చిక్కు. ఎడిటర్‌ను దించుకుంటే కంపైలర్ దానితో పాటు రాదు. ‘సీ ఎక్స్‌టెన్షన్ కూడా పెట్టుకున్నాను కదా’ అంటారు కొందరు. ఎక్స్‌టెన్షన్ అంటే ఎడిటర్‌కు తగిలించే అదనపు భాగం. అది మీ కోడ్‌ను చదివి సూచనలు ఇస్తుంది, ప్రోగ్రామును ఆపి ఆపి నడిపి తప్పులు చూపే డీబగ్గర్‌కు దారి చూపుతుంది, అంతే. కంపైలర్‌ను విడిగా పెట్టుకోవాల్సిందే. డెబియన్, ఉబుంటు లాంటి లినక్స్‌లలో బిల్డ్ ఎసెన్షియల్ అనే ప్యాకేజీ ఒక్కటి పెట్టుకుంటే సరిపోతుంది. మ్యాక్‌లో ఎక్స్‌కోడ్ కమాండ్ లైన్ టూల్స్ పెట్టుకోవాలి. అక్కడ జీసీసీ అనే కంపైలర్ పేరుతో పిలిచినా నిజానికి పలికేది క్లాంగ్ అనే మరో కంపైలర్. మొదట్లో మీకు దానివల్ల ఏ ఇబ్బందీ ఉండదు.

విండోస్‌లో మాత్రం దారి కాస్త పొడవు. ఇలాంటి పనిముట్లను విండోస్‌కు తెచ్చిపెట్టే ఎంసిస్ 2 అనేదాన్ని పెట్టుకుని, దాని ద్వారా విండోస్ కోసం చేసిన మింగ్‌డబ్ల్యూ రూపంలో ఉన్న జీసీసీని తెచ్చుకోవాలి. అక్కడితో అయిపోలేదు, పాత్ అనే సెట్టింగు ఉంది. నేను ఎక్కువసేపు ఆగాలనుకున్నది ఇక్కడే. మీరు టెర్మినల్‌లో జీసీసీ అని టైపు చేసినప్పుడు విండోస్ కంప్యూటర్ అంతా వెతకదు. పాత్ అనే జాబితాలో ఏ ఫోల్డర్ల పేర్లు ఉన్నాయో వాటిలో చూస్తుంది. అక్కడ దొరకకపోతే అలాంటి ఆదేశం లేదంటుంది. కంపైలర్ మీ డిస్కులో భద్రంగానే ఉంటుంది, దాని చిరునామా జాబితాలోకి ఎక్కలేదు, అంతే. జీసీసీ ఉన్న బిన్ ఫోల్డర్ పూర్తి చిరునామాను ఆ జాబితాలో చేర్చండి. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. అప్పటికే తెరిచి ఉన్న టెర్మినల్‌కు ఈ మార్పు తెలియదు. ఏ ప్రోగ్రామైనా తాను మొదలైనప్పుడు ఉన్న పాత్‌నే పట్టుకుని ఉంటుంది. ఎడిటర్ లోపలి టెర్మినల్‌కు ఆ జాబితా ఎడిటర్ నుంచే వస్తుంది. కాబట్టి ఎడిటర్‌ను పూర్తిగా మూసి మళ్లీ తెరవండి. తర్వాత జీసీసీ అని రాసి, ఖాళీ వదిలి, రెండు హైఫన్లు పెట్టి వెర్షన్ అని రాయండి. నంబరు కనిపిస్తే దారి తెరుచుకున్నట్టే. ఈ పరీక్ష అయ్యేదాకా ఒక్క వరుస కోడ్ కూడా రాయకండి.

ఇప్పుడు ఒక ఫోల్డర్ చేసుకోండి. పేరులో ఖాళీలు వద్దు, తెలుగు అక్షరాలూ వద్దు. మనకు మన లిపి ఇష్టమే, కానీ ఈ పనిముట్లలో కొన్ని ఇంగ్లీషు అక్షరాలు కాని దారుల దగ్గర తడబడతాయి. ఎడిటర్‌లో ఒంటరి ఫైలును తెరవకుండా ఆ ఫోల్డర్‌నే తెరవండి. అప్పుడు ఎడిటర్‌లోని టెర్మినల్ కూడా ఆ ఫోల్డర్‌లోనే తెరుచుకుంటుంది. ‘ఫైలు దొరకలేదు’ అనే ఫిర్యాదుల్లో పెద్ద భాగం దీనితోనే పోతుంది.

ఫైలు పేరు చివర చుక్క, ఆ తర్వాత సీ ఉండాలి, అదీ చిన్నక్షరమే. పెద్దక్షరం పెడితే జీసీసీ దాన్ని సీ ప్లస్ ప్లస్ అనుకుంటుంది. చాలామంది అలవాటుగా సీపీపీ అని పెడతారు. మొదట్లో తేడా తెలియదు. ఒకరోజు, మెమరీ అడిగి తెచ్చే మాలాక్ అనే ఫంక్షన్ ఇచ్చిన చిరునామాను, చిరునామాలు దాచే పాయింటర్‌లో పెట్టగానే ఎర్రర్ వస్తుంది. సీలో ఒప్పే ఆ వరుసను సీ ప్లస్ ప్లస్ ఒప్పుకోదు. విండోస్‌లో ఫైలు పేర్ల చివరి భాగం దాచి ఉంచే అలవాటు కూడా ఉంది. నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసిన హలో డాట్ సీ నిజానికి హలో డాట్ సీ డాట్ టీఎక్స్‌టీ అయి ఉండవచ్చు. ఆ దాచే సెట్టింగును ఇవాళే తీసేయండి.

ఇప్పుడు సేవ్ గురించి. ఇంత చిన్న విషయానికి ఇంత సమయమా అనుకోకండి. ఎడిటర్‌లో మీకు కనిపిస్తున్నది ఎడిటర్ మెమరీలో ఉన్న కోడ్. కంపైలర్ చదివేది డిస్కులో ఉన్న ఫైలును. సేవ్ చేసేదాకా ఈ రెండూ వేరు వేరు. ఫోల్డర్‌లో పేరు పెట్టి కొత్త ఫైలు తెరిచి, ప్రోగ్రాము అంతా రాసి, సేవ్ చేయకుండా కంపైల్ చేస్తే కంపైలర్‌కు దొరికేది ఖాళీ ఫైలు. అప్పుడది మెయిన్ ఎక్కడా లేదని చెబుతుంది. విండోస్‌లో అయితే విన్‌మెయిన్ అనే, మీరు ఎన్నడూ వినని పేరు చెప్పి అది లేదంటుంది. మెయిన్ కళ్ల ముందే ఉంటుంది, కంపైలర్ లేదంటుంది. మనిషికి పిచ్చెక్కుతుంది. విజువల్ స్టూడియో కోడ్‌లో ఫైలు పేరు పక్కన గుండ్రని చుక్క కనిపిస్తే సేవ్ కాలేదని గుర్తు. కంట్రోల్ పట్టుకుని ఎస్ నొక్కడం ఊపిరి తీసినంత సహజం కావాలి. ఆటో సేవ్ అనే సదుపాయం ఉంది, పెట్టుకోవచ్చు.

ఇక కంపైల్ చేయడం. నా అభిప్రాయం ఇది: మొదటి కొన్ని వారాలు ఆ త్రికోణం గుర్తును ముట్టుకోకండి. ఆదేశాన్ని మీ చేత్తో టైపు చేయండి. జీసీసీ, ఖాళీ, హైఫన్ పెట్టి వాల్, ఖాళీ, హైఫన్ పెట్టి ఎక్స్‌ట్రా, ఖాళీ, మీ ఫైలు పేరు, ఖాళీ, హైఫన్ ఓ, ఖాళీ, తయారయ్యే ప్రోగ్రాముకు మీరిచ్చే పేరు. వాల్ అంటే పెద్దక్షరం డబ్ల్యూ, దానికి ఆనుకుని ఆల్; ఎక్స్‌ట్రా ముందు కూడా అలాగే పెద్దక్షరం డబ్ల్యూ ఉంటుంది, తెర మీద చూడండి. అవి కంపైలర్‌కు వార్నింగులు గట్టిగా ఇవ్వమని చెప్పడం. తర్వాత చుక్క, వాలు గీత (స్లాష్), ప్రోగ్రాము పేరు ఖాళీ లేకుండా టైపు చేస్తే అది నడుస్తుంది. ఇక్కడ చుక్క అంటే ‘ఈ ఫోల్డర్‌లోనే ఉన్నది’ అని. లినక్స్‌లో ప్రోగ్రాముకు టెస్ట్ అని పేరు పెట్టి ఆ చుక్క, గీత మరిచిపోతే ఏమీ జరగనట్టు ఉంటుంది. ఆ పేరుతో టెర్మినల్‌కు సొంత ఆదేశం ఒకటి ముందే ఉంది, మీది కాక అదే నడుస్తుంది.

ఆ త్రికోణం మీట ఉండగా చేత్తో ఎందుకు అంటారా? మీట విఫలమైనప్పుడు ఎక్కడ విఫలమైందో చెప్పదు. చేత్తో చేసినప్పుడు కంపైల్ ఒక మెట్టు, నడపడం మరో మెట్టు అని వేళ్లకే తెలుస్తుంది. పైగా కంపైల్ విఫలమైతే పాత ప్రోగ్రాము డిస్కులో అలాగే ఉంటుంది. దాన్నే మళ్లీ నడిపి ‘మార్చినా జవాబు మారలేదే’ అని తల పట్టుకునే అవస్థ ఉండదు. ఎందుకంటే మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయామని మీకు కనిపిస్తుంది.

ఎర్రర్ సందేశం చదవడం ఒక విద్య. అందులో ముందు ఫైలు పేరు, తర్వాత వరుస నంబరు, తర్వాత ఆ వరుసలో ఎన్నో అక్షరమో, ఆ తర్వాత విషయం ఉంటాయి. ఎడిటర్‌లో కంట్రోల్‌తో జీ నొక్కి వరుస నంబరు ఇస్తే నేరుగా అక్కడికి వెళతారు. ఎప్పుడూ మొదటి ఎర్రర్‌నే పట్టుకోండి. దాన్ని సరిచేసి మళ్లీ కంపైల్ చేయండి. కింద ఉన్న పదిహేనూ చాలాసార్లు దాని నీడలే, అవే మాయమైపోతాయి. కంపైలర్ చూపించిన వరుసలో తప్పు కనబడకపోతే దాని పై వరుస చూడండి. సెమికోలన్ మరిచిపోయిన సంగతి కొన్నిసార్లు తర్వాతి వరుస చదవడం మొదలుపెట్టాక గానీ కంపైలర్‌కు తెలియదు.

వార్నింగులు వచ్చినా ప్రోగ్రాము తయారవుతుంది. అందుకే అందరూ వాటిని దాటేస్తారు. నేను మిమ్మల్ని బతిమాలుతున్నాను, దాటకండి. ఇఫ్ లోపల రెండు సమానం గుర్తులకు బదులు ఒకటే పెడితే అది పోల్చడం మానేసి విలువను మార్చేస్తుంది. సీ దృష్టిలో అది తప్పు కాదు, కనుక ఎర్రర్ రాదు. వార్నింగ్ మాత్రం వస్తుంది. మనం టైపు చేసిన సంఖ్యను చదివే స్కాన్ఎఫ్‌లో వేరియబుల్ ముందు యాంపర్‌శాండ్ (&) మరిచిపోయినా అంతే. వార్నింగ్ చదివినవాడు అక్కడే దిద్దుకుంటాడు, చదవనివాడు ప్రోగ్రాము ఎందుకు కుప్పకూలిందో తెలియక రాత్రంతా కూర్చుంటాడు.

ఎడిటర్ కూడా మీకు కోడ్ కింద ఎర్రటి అలల గీతలు గీస్తుంది. అవి కంపైలర్ గీసినవి కావు. ఎక్స్‌టెన్షన్ తన సొంతంగా కోడ్ చదివి చెప్పే అభిప్రాయం అది. ప్రోగ్రాము మొదట్లో చేర్చే ఎస్‌టీడీఐవో హెడర్ కింద ఎర్ర గీత ఉండి, టెర్మినల్‌లో మాత్రం ప్రోగ్రాము చక్కగా కంపైల్ అయితే, ఎక్స్‌టెన్షన్‌కు మీ కంపైలర్ ఎక్కడుందో తెలియలేదని అర్థం. సెట్టింగుల్లో దానికి చిరునామా చెప్పాలి. మీ కోడ్‌ను మార్చకండి. ఇద్దరూ రెండు రకాలుగా చెబితే కంపైలర్ మాటే చివరిది.

మరి ఇంతకీ ఎడిటర్ వల్ల లాభం ఏమిటి? నా లెక్కలో అన్నిటికంటే గొప్పది కోడ్‌ను సర్దిపెట్టే ఫార్మాట్ ఆదేశం. అందరూ దాన్ని అందం కోసం వాడతారు. నేను తప్పులు పట్టడానికి వాడమంటాను. ఉదాహరణకు ఇఫ్ కింద బ్రాకెట్లు లేకుండా రెండు వరుసలు లోపలికి జరిపి రాశారు. చూసేవాళ్లకు రెండూ ఇఫ్‌కు చెందినట్టే ఉంటాయి. సీకి ఖాళీలతో పని లేదు, మొదటి వరుసే ఇఫ్‌ది. ఫార్మాట్ చేయగానే రెండో వరుస ఎడమకు జరిగి బయట నిలబడుతుంది. మీరు అనుకున్నదానికీ రాసినదానికీ ఉన్న తేడా అక్కడ కంటికి కనబడుతుంది. ఫర్ లూప్ చివర పొరపాటున సెమికోలన్ పెట్టినా, మూసే బ్రాకెట్ ఒకటి మరిచిపోయినా ఇలాగే బయటపడతాయి. రంగులు కూడా ఇదే పని చేస్తాయి. ఒక చోటు నుంచి ఆ వరుస అంతా కొటేషన్ రంగులోకి మారిపోతే, ఎక్కడో కొటేషన్ మూయలేదన్నమాట.

కొటేషన్ అంటే గుర్తొచ్చింది. ఎక్కడి నుంచైనా కోడ్ నకలు తెచ్చి అతికిస్తే, అందులో వంపు తిరిగిన కొటేషన్ గుర్తులు రావచ్చు. కంటికి దాదాపు ఒకేలా ఉంటాయి, కంపైలర్‌కు మాత్రం అవి పరాయి అక్షరాలు. స్ట్రే అనే మాటతో ఎర్రర్ వస్తే ఆ గుర్తులను చెరిపి మీ కీబోర్డుతో మళ్లీ కొట్టండి. అసలు మొదట్లో నకలు తేవడమే వద్దు, టైపు చేయండి.

ఇప్పుడు ప్రశ్నలు.

(సభలో నుంచి: సర్, నేను త్రికోణం గుర్తు నొక్కితే ప్రోగ్రాము నడుస్తోంది. కానీ సంఖ్య ఇవ్వమని అడిగినప్పుడు టైపు చేయనివ్వడం లేదు.)

మంచి ప్రశ్న. మీరు వాడుతున్నది కోడ్ రన్నర్ అనే ఎక్స్‌టెన్షన్ అయి ఉంటుంది. అది ఫలితాన్ని అవుట్‌పుట్ అనే పలకలో చూపిస్తుంది. ఆ పలక చూడటానికే, అందులో రాయడం కుదరదు. మీ స్కాన్ఎఫ్ జవాబు కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. దాని సెట్టింగుల్లో టెర్మినల్‌లో నడపమనే ఎంపిక ఉంది, అది పెట్టండి. లేదా నేను చెప్పినట్టు చేత్తో నడపండి.

(సభలో నుంచి: సర్, కృత్రిమ మేధ సూచనలు ఎడిటర్‌లో వాటంతట అవే వస్తున్నాయి. వాడుకోవచ్చా?)

నేర్చుకునే దశలో ఆపేయండి. ఫర్ అని రాయగానే లూప్ మొత్తం బూడిద రంగులో ప్రత్యక్షమైతే, ఆ లూప్ ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ ఆగాలో మీరు ఆలోచించే అవకాశం పోతుంది. నేర్చుకోవాల్సింది ఆ ఆలోచననే. ఎర్రర్ సందేశం అర్థం కానప్పుడు దాని వివరణ అడగండి, అది వేరు. ఫంక్షన్ పేర్లు పూర్తిచేసే మామూలు సూచనలతో కూడా ఇబ్బంది లేదు.

(సభలో నుంచి: డీబగ్గర్ ఎప్పుడు మొదలుపెట్టాలి?)

మొదటి లూప్ రాసిన రోజే. చాలామంది దాన్ని పెద్దవాళ్ల పనిముట్టు అనుకుంటారు. ఇప్పుడే చేసి చూపిస్తాను. ఐదు గదుల అర్రే ఉంది. సున్నా నుంచి మొదలైన లూప్‌లో ‘ఐదు కంటే తక్కువ’ అనాల్సిన చోట ‘ఐదు లేదా అంతకంటే తక్కువ’ అని రాశాను. కంపైల్ ఆదేశంలో హైఫన్ జీ కూడా చేర్చాను. అది ఉంటేనే డీబగ్గర్‌కు మన వరుసలు, వేరియబుళ్ల పేర్లు తెలుస్తాయి. లూప్ లోపలి వరుస మీద ఎఫ్ 9 నొక్కితే పక్కన ఎర్ర చుక్క వచ్చింది, ఇది బ్రేక్‌పాయింట్. ఎఫ్ 5 నొక్కాను, ప్రోగ్రాము సరిగ్గా అక్కడికి వచ్చి ఆగింది. మొదటిసారి నొక్కినప్పుడు ఏ డీబగ్గర్ కావాలని అడుగుతుంది, మీ జీసీసీ ఉన్నదాన్ని ఎంచుకోండి. ఎడమ పక్కన, లూప్‌లో లెక్క పెట్టే ఐ అనే వేరియబుల్ విలువ సున్నా అని ఉంది. ఎఫ్ 10 నొక్కుతూ వెళదాం. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అర్రేలో ఉన్న గదులు ఇక్కడితో అయిపోయాయి. మళ్లీ నొక్కుతున్నాను, ఐ విలువ ఐదు అయింది, లూప్ ఇంకా ఆగలేదు. ఇప్పుడు ఎఫ్ 10 నొక్కితే మనది కాని చోట రాయబోతున్నాం. ఇక్కడే ఆపి, పైన ఆ ఒక్క గుర్తు దిద్ది, సేవ్ చేసి, మళ్లీ కంపైల్ చేస్తున్నాను. మీరూ మీ కంప్యూటర్లు తెరిచి ఇదే అర్రే రాయండి, నేను ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి చూస్తాను.